మా తోట కాపలా మనిషి పేరు

యాభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను. ఎవరి గురించి రాసినా ఇంటిపేరు, ఊరు, చివర 'గారు' ఉండాలన్నది నా నియమం. బడిలో హాజరు పిలిచి పిలిచి వచ్చిన అలవాటు.

మొన్న వేసవిలో ముసునూరు నుంచి ఒకావిడ వచ్చింది. నర్సుగా పనిచేస్తోంది. మా మామిడితోటకు ఏళ్ళ తరబడి కాపలా ఉన్న యానాది పెద్దాయన మనవరాలినని చెప్పింది.

"మాస్టారండీ, మా బాబుకి తాత పేరు పెడదామనుకుంటున్నామండి. ఆ పేరే తెలీదు. నా చిన్నప్పుడే నాన్న పోయాడు. నాయనమ్మేమో మొగుడి పేరు నోట పలికేది కాదు. కాగితాలన్నీ తుఫానుకి పోయాయి. మీరు రోజూ అన్నీ రాస్తారంట కదా?"

"ఎందుకుండదమ్మా! రెండ్రోజులాగి రా" అన్నాను ధీమాగా.

అటక మీది డైరీలు దించి వరసగా చూశాను. హనుమాన్ జంక్షన్ నుంచి కాయ కొనడానికి వచ్చిన షావుకారు పేరుంది. లారీ డ్రైవరు పేరుంది. మా కుక్క పేరు కూడా ఉంది. ఆయన మాత్రం ప్రతిచోటా 'ఏనాది'. 'ఏనాది ఎలుకలు పట్టాడు.' 'ఏనాది రాలేదు, జ్వరమట.' చివరికి ఒకచోట, 'ఏనాది పోయాడు. సాయంత్రం వాన. కలెక్టర్ మామిడికాయ రాలింది.'

ఇంట్లో అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఆయన పలికేవాడు. పలికాడు కాబట్టి ఇష్టమేననుకున్నాను.

మైలవరంలో ఉన్న పాత కౌలుదారుకి ఫోన్ చేశాను. "మీ ఏనాదోడేగా మాస్టారూ! ఎందుకు గుర్తుండడు? బంగారంలాంటి మనిషి" అన్నాడు. పేరు అడిగితే మాత్రం తెలీదన్నాడు.

ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు ఆ పేజీలే ముందు పెట్టాను.

"కుక్క పేరు భలే రాసుకున్నారండీ" అని నవ్వింది. నేను తల దించుకున్నాను.

"ఇవి కొట్టేసి 'గిరిజనుడు' అని దిద్దనా అమ్మా? ఇప్పుడు అలా రాయాలంటున్నారు."

"ఎందుకండీ? యానాదులమని నేనే చెప్పుకుంటాను. మా కాలనీలో అందరం యానాదులమే. వాళ్ళలో మా తాత ఎవరో కావాలి గానీ."

ఆవిడ తాత పోయిన రోజు పేజీని ఫోటో తీసుకుంది. "ఆ రోజు వాన పడిందాండీ?" అని అడిగింది.

"పడిందమ్మా."

బారసాలకు పిలిచారు, వెళ్ళాను. బాబు పేరు రెండుసార్లు అడిగి, ఇంటిపేరుతో సహా ఆ రోజు డైరీలో రాసుకున్నాను. అది బాబు ముత్తాత పేరు కాదు. ఫోన్‌లో వెతికి పెట్టారట.