ఆర్విడ్ ఓడిన ఎన్నిక

మినెసోటాలోని మా కౌంటీలో ప్రభుత్వ వకీలు కూడా ఓట్లడుక్కోవాల్సిందే. ఎంతమందిని జైలుకు పంపితే అంత మొనగాడన్నమాట! పన్నెండేళ్లుగా ఆ కుర్చీలో ఉన్న ఆర్విడ్ టోలెఫ్సన్‌ను, ఈసారీ గెలిస్తే రాష్ట్ర సెనేట్‌కు నిలబెడతామన్నారు పార్టీ పెద్దలు. ఆ గెలుపు ఒక్క కేసు మీద వేలాడుతోంది. రైతులందరి ధాన్యం గిడ్డంగి తగలబెట్టాడని డెల్మర్ అనే పాలేరును పట్టుకున్నారు. ఊరంతా వాడి మీద పళ్లు నూరుతోంది.

పోలింగ్ మంగళవారం. ముందు శనివారం చర్చిలో చేపల విందు. పోటీ చేసేవాళ్లు ఏప్రన్ కట్టుకుని అందరికీ కాఫీ పోయాలి, అది మా ఆనవాయితీ. ఆర్విడ్ పోస్తూ పోస్తూ ఇంగా ముసలమ్మ దగ్గరికొచ్చాడు. మంటల దగ్గర డెల్మర్‌ను చూశానని సాక్ష్యం చెప్పింది ఆవిడొక్కతే.

"అబ్బాయ్, నేను చూసింది ఎర్రగళ్ల కోటునే," అంది లోగొంతుకతో. "మొహం చూళ్లేదు. అలాంటి కోటు మా ఆయనకీ ఉంది."

"మరి కోర్టులో అలా చెప్పావేం పిన్నీ?"

"'వాడే కదా' అని అడిగాడు షెరీఫ్. పెద్దమనిషిని మొహమ్మీద కాదనలేక అవునన్నాను."

మా వాళ్ల మర్యాద తగలెయ్య! ఎదుటివాడిని కాదనలేక ఇంకొకడి పీకకు ఉరి బిగిస్తారు. ఆర్విడ్ పోస్తున్న కాఫీ కప్పు నిండి బల్లంతా పారింది.

పక్క బల్ల దగ్గర ఇదంతా విన్న షెరీఫ్ క్లారెన్స్, అంటే మా కౌంటీ పోలీసు పెద్ద, అతన్ని బయటికి లాక్కెళ్లాడు. "ఆ మాట ఇంకెవరు విన్నారయ్యా? మంగళవారం దాకా నోరు మూసుకో. ఆ తర్వాత సెనేటర్‌గారూ అని నేనే సలాం కొడతా."

ఆదివారమంతా ఆర్విడ్ ఒకటే లెక్క వేశాడు. చెబితే కుర్చీ పోతుంది. చెప్పకపోతే డెల్మర్ బతుకు జైల్లో తెల్లారుతుంది.

సోమవారం కోర్టు కిక్కిరిసిపోయింది. ఆర్విడ్ లేచాడు.

"అయ్యా, మా సాక్షి మొహం చూడలేదు. ఇక నా దగ్గర కేసు లేదు."

"అమ్ముడుపోయాడ్రా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జడ్జి కేసు కొట్టేశాడు. మర్నాడు జనం ఆర్విడ్‌ను చిత్తుగా ఓడించారు. సెనేట్ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

బుధవారం ఆఫీసు సామాన్లు మోసుకుంటూ కోర్టు మెట్లు దిగుతుంటే డెల్మర్ ఎదురొచ్చాడు.

"నువ్వైనా నాకు ఓటేశావా?" నవ్వబోయాడు ఆర్విడ్.

"లేదు," అన్నాడు డెల్మర్. "నేను కాదు మొర్రో అని వేసవంతా నీ ముందు ఏడ్చాను. అప్పుడు వినలేదు. అదే మాట ఆవిడ నోట వస్తే విన్నావు."