నలభై ఐదు చుట్లు

రెనాటా విల్గా అనే అమ్మాయి కుదురుగా కూర్చోవడం డెట్రాయిట్ పక్కనున్న హామ్‌ట్రామిక్ ఊళ్లో ఎవరూ చూడలేదు. బార్లో కూర్చుంటే బల్ల మీద వేళ్లు ఆడేవి, చర్చిలో కూర్చుంటే బెంచీ కింద మడమలు ఆడేవి. పగలు ఒక షెడ్డులో కార్లకు సైలెన్సర్లు బిగించేది. సాయంత్రం అదే షెడ్డుకు షట్టరు దించి డ్రమ్ములు వాయించేది. "పొద్దంతా చప్పుడు నొక్కేస్తున్నాను కదా, అదంతా ఎక్కడో ఒకచోట బయటికి రావాలిగా" అనేది.

గిటారు, పాట కాజ్ డుడెక్‌వి. స్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. బేస్ గిటారు ట్వైలాది, ఆమె మాట్లాడదు. బ్యాండు పేరు రస్ట్‌ప్రూఫర్స్. డెట్రాయిట్ చుట్టుపక్కల ఏ గ్యారేజీ తలుపు తీసినా అలా వేగంగా, గట్టిగా వాయించే పంక్ బ్యాండు ఒకటి కనిపించే రోజులవి.

వాళ్ల మొదటి ఆల్బం గురించి, నేను ప్రూఫులు దిద్దే వారపత్రికలో లాయిడ్ పెటిట్ రెండే వాక్యాలు రాశాడు. "ముగ్గురు మనుషులు గిన్నెలు పట్టుకుని మెట్ల మీంచి దొర్లుతున్నారు. కిందికి ఎప్పుడు చేరతారా అని ఎదురుచూశాను." లాయిడ్ ముప్పై ఏళ్లుగా రికార్డుల సమీక్షలు రాస్తున్నాడు. అతను బాగుందంటే చికాగో క్లబ్బుల నుంచి కచేరీకి రమ్మని ఫోన్లు వస్తాయి. బాగాలేదంటే ఆ రికార్డు దుకాణంలోనే దుమ్ము పడుతుంది. ఆ రెండు వాక్యాలూ రెనాటాకు కంఠతా వచ్చు. రెండో ఆల్బం వాటికి జవాబు కావాలనుకుంది. వేగం తగ్గించి కాదు, ఇంకా పెంచి.

2001 ఫిబ్రవరిలో ఆ ఆల్బం వచ్చింది. పది పాటలు, ఇరవై రెండు నిమిషాలు. చప్పుడు గట్టిగా రావాలని, పెద్ద రికార్డే అయినా నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరిగేలా చేయించారు. పెద్ద రికార్డంటే ముప్పై మూడు చుట్ల మీద పెట్టడం అందరికీ అలవాటు. అందుకే రికార్డు మధ్యలోని గుండ్రటి కాగితం మీద 45 అని వేయాలి. ఆ కాగితం మీద సైలెన్సర్ బొమ్మ గీసింది రెనాటాయే. అంకె వేస్తే బొమ్మ పాడవుతోందని తీసేసింది.

బుధవారం పత్రిక వచ్చింది. కాజ్ దాన్ని ఊపుకుంటూ షెడ్డులోకి వచ్చాడు.

"ఒసేయ్, అరపేజీ! విను. 'ఈ బ్యాండు ఎదిగింది. తుప్పు పట్టిన తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నట్టు డ్రమ్ములు. డుడెక్ తన అసలు గొంతును, బావిలోంచి వచ్చే ఆ గొంతును, ఇన్నాళ్లకు కనుక్కున్నాడు.' బావిలోంచి!"

"నీ గొంతు తోక తొక్కిన కుక్కలా ఉంటుంది కదరా."

"అది మొదటి ఆల్బంలో. 'ముప్పై నిమిషాల దట్టమైన చీకటి...'"

"ఆగు. ముప్పై ఎక్కడిది? మనది ఇరవై రెండే." కారు కింద నుంచి రెనాటా బయటికి జారింది. "ముప్పై మూడు మీద పెట్టుకుని విన్నాడ్రా ఆ పెద్దాయన! నెమ్మదిగా తిరిగితే ఎవరి గొంతైనా బావిలోకి దిగుతుంది."

కాజ్ పత్రిక వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "వింటే విన్నాడు. నువ్వు నోరు మూసుకో."

"ఆ పాటలు మనవి కావు."

"అవును, మనకంటే బాగున్నాయి!"

ఆ సమీక్ష ప్రూఫులు దిద్దింది నేనే. నాకూ ఏ అనుమానమూ రాలేదు.

శుక్రవారం చికాగో నుంచి ఫోను రానే వచ్చింది. పేరున్న క్లబ్బు, ఏప్రిల్‌లో రెండు రోజులు. ఆ నెమ్మది పాటలు తప్పకుండా ఉండాలన్నారు. అప్పటి నుంచి కాజ్ గడ్డం గుండెకు ఆనించుకుని బొంగురుగా పాడటం మొదలుపెట్టాడు. రెనాటా ఇంట్లో ఒక్కతే తలుపు వేసుకుని, రికార్డును ముప్పై మూడు మీద పెట్టి విన్నది. బాగానే ఉంది. ఆమెకు కాలింది అందుకే. తను ఎన్నడూ వాయించని వాయింపును ఊరంతా మెచ్చుకుంటోంది.

మంగళవారం, లెంట్ ఉపవాసాలు మొదలయ్యే ముందు ఊళ్లో అందరూ పూంచ్కీలనే జామ్ కూరిన పోలిష్ బూరెలు తినే రోజు, మధ్యాహ్నం గ్రీజు చేతులతోనే మా ఆఫీసుకొచ్చింది. లాయిడ్ బల్ల మీద పూంచ్కీల డబ్బా తెరిచి ఉంది, అతని మీసం మీద చక్కెర పొడి.

"లాయిడ్ గారూ, మీరు మా రికార్డు తప్పు వేగం మీద విన్నారు."

"రా అమ్మాయ్. ఒకటి తిను."

ఆమె తినలేదు. సూటిగా వెళ్లి అతని రికార్డు ప్లేయరు మీట నలభై ఐదుకు నెట్టి సూది దించింది. ఇరవై రెండు నిమిషాలూ నిలబడే ఉంది, కాలు మార్చుకుంటూ. మధ్యలో ఒకసారి రికార్డు తిప్పింది. లాయిడ్ మీసం తుడుచుకోవడం మరిచిపోయాడు.

"ఇది మొదటి ఆల్బమే కదమ్మా" అన్నాడు చివరికి.

"దానికంటే వేగం."

"అదే అంటున్నాను. చూడు, ఈ సంగతి మనకు తప్ప ఎవరికీ తెలియదు. నా పరువూ ఉంటుంది, మీ చికాగో కూడా ఉంటుంది. ఇంటికి వెళ్లు."

"విన్నారు కదా. విన్నదాని మీద రాయండి."

"రాస్తే తిడతాను."

"తిట్టండి. నన్ను తిట్టండి, నేను వాయించినదాన్ని తిట్టండి. ఆ తలుపులు మూసేదెవరో నాకు తెలియదు."

మరుసటి వారం ఆరు వరుసలు వచ్చాయి. కాగితం మీద అంకె లేకపోవడం వాళ్ల తప్పు, చూసుకోకపోవడం తన తప్పు అని లాయిడ్ ఒప్పుకున్నాడు. తరువాత, "సరైన వేగంలో అవే మెట్లు, అవే గిన్నెలు. ఈసారి ఇంకా తొందరగా కిందికి చేరారు. నాకు ఆ తప్పు రికార్డే నచ్చింది" అని ముగించాడు. చికాగో వాళ్లు మళ్లీ ఫోను చేసి, వద్దన్నారు.

కాజ్ పన్నెండు రోజులు షెడ్డు వైపు రాలేదు. పదమూడో రోజు వచ్చేసరికి రెనాటా నేల మీద రికార్డుల పెట్టెలు పరుచుకుని, ఒక్కొక్కటీ అట్టలోంచి తీసి, సైలెన్సర్ బొమ్మకు అడ్డంగా నల్ల పెన్నుతో 45 అని రాస్తోంది. తొందరలో సిరా అలుక్కుపోతోంది.

"గుడ్డివాళ్లకు కూడా కనపడేలా రాస్తున్నావా?" అన్నాడు.

"సమీక్షకులకు."

అతను ఒక రికార్డు చేతిలోకి తీసుకున్నాడు. "కొన్ని రాయకుండా ఉంచవే. ఆ నెమ్మదివి కావాలని దుకాణంలో అడుగుతున్నారట."

"మీట వాళ్ల దగ్గరే ఉంటుంది. తిప్పుకోమను." తల ఎత్తకుండానే రెండో పెన్ను అతని వైపు దొర్లించింది. "కూర్చో. నీ రాత అయినా తిన్నగా ఉంటుంది."