మామ్మ అడిగిన ముద్ద

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మాట నిషిద్ధం. తినేవాళ్లతో "చాలు" అనకూడదు. అంటే అన్నం అలిగి వెళ్లిపోతుందని మా అమ్మ భయం.

మా నాన్న ఓడల మీద బస్తాలు మోసే కలాసీ. గోపాలపట్నం నుంచి రేవుకి సైకిలు మీదే పోయేవాడు. అంత కష్టానికి అంత తిండీ ఉండాలి కదా, అమ్మ కొండలా వడ్డించేది. నడుము దెబ్బతిన్నాక ఆయన్ని రేవు గేటు దగ్గర కాపలా కుర్చీలో కూర్చోబెట్టారు. సైకిలు పోయి బస్సు వచ్చింది. కంచం మాత్రం అదే. చూస్తుండగానే చొక్కాలన్నీ బిగిసిపోయాయి. చుట్టాలొచ్చి, "ఒళ్లు సేసినావు బావా, కుర్సీ కలిసొచ్చింది" అని మెచ్చుకున్నారు. అమ్మ దిష్టి తీసింది. ఆయనకేమో వీధి చివరిదాకా నడిస్తే ఆయాసం, లేవబోతే మోకాళ్ల నొప్పులు. సీతమ్మధార డాక్టరు షుగరన్నాడు, అన్నం సగానికి తగ్గించమన్నాడు. "కడుపు మాడిసి బతికిత్తారేటి?" అని అమ్మ ఏడ్చింది.

ఆ రోజు భోజనాల దగ్గర మా మామ్మ, అంటే నాన్న తల్లి, కొడుకు పక్కన చతికిలబడి "నాకో ముద్దెట్రా నాయినా" అంది. కన్నతల్లి అడిగితే కాదనేదెవడు? ఒకటి పెట్టాడు. ఇంకోటి అడిగింది. అలా సగం కంచం ఖాళీ చేయించింది. రోజూ అదే వరస. పిట్టలా తినే మనిషికి ఇదేం ఆకలని నాకు నవ్వొచ్చేది. ఓసారి మామ్మ పెరట్లో కడుపు పట్టుకుని కూర్చుంటే అడిగేశాను.

"ఆడు మూటలు మానీసినాడు గానీ ముద్దలు మాననేదే. సాలని అనలేను, కన్నదాన్ని. అందుకే నాను తింతన్నాను" అంది. నాకు మళ్లీ నవ్వు రాలేదు.

మామ్మ పోయాక ఆ చోట నేను కూర్చున్నాను. ముద్ద అడిగేలోపే, ఎదిగే పిల్లనని అమ్మ నాకు వేరే కంచం పెట్టింది. నాన్న ముందు మళ్లీ కొండ. ఆయన కాలి బొటనవేలికి పుండు లేచింది, మానలేదు. ముందు వేలు తీశారు, తర్వాత కాలు. ఆ తర్వాత నాన్నే లేడు. తద్దినానికి అమ్మ విస్తరి నిండా వడ్డించి, "ఆకర్న కడుపునిండా తిననేదు" అని కుమిలేది. ప్రేమగా పెట్టిన చేతిని ఏమనను?

ఇప్పుడు మా అబ్బాయిదీ కూర్చునే ఉద్యోగమే. వాడి పొట్ట చూస్తే నాన్న బిగిసిపోయిన చొక్కాలే గుర్తొస్తాయి. నిన్న వాడి పక్కన చేరి, "నాకో ముద్దెట్రా" అన్నాను.

"నీకు షుగర్ కదమ్మా" అని నవ్వి, కంచం అవతలికి జరుపుకుని అంతా వాడే తిన్నాడు. "చాలు" అనే మాట ఈ వయసులోనూ నా నోట రాలేదు.