పళ్ళపొడి ప్రకటన, కొత్తల్లుడి రిమోట్

కొత్తల్లుడికి అత్తవారింట్లో ఏది అప్పగించినా ఫరవాలేదు గానీ, టీవీ రిమోట్ మాత్రం ఇవ్వకూడదు. మా వాళ్ళు ఇచ్చారు. ఫలితంగా ఒక మహానటుడి తొలి ప్రదర్శన నా బొటనవేలి కింద పడి నలిగిపోయింది.

అత్తవారిది రాజోలు. అత్తగారి తమ్ముడు సత్తిబాబు బాబాయిగారికి రొయ్యల చెరువులున్నాయి గానీ, ప్రాణమంతా నాటకాల మీదే. వెనకటి రోజుల్లో ప్రకటనలు తయారుచేసిన కంపెనీవాళ్ళ కథతో టీవీలో ఒక సీరియల్ వచ్చేది. దాని రెండో సీజన్‌కి ఆ ఊరి కాలవగట్టున షూటింగ్ చేస్తూ, బాబాయిగారికీ ఒక వేషం ఇచ్చారట. మొదటి ఎపిసోడ్ వచ్చే సాయంత్రం వీధి వీధంతా అత్తవారి హాల్లో చాపలేసుకుని కూర్చుంది.

"మీ వేషం ఏంటండీ బాబాయిగారూ?" అన్నాను.

"ఆయ్, చూస్తారు కదండీ అబ్బాయిగారూ. ముందే చెప్పేస్తే మజా ఏముంటదండి?"

"మీరు పెట్టండి బాబూ," అని అత్తగారు రిమోట్ నా చేతికిచ్చారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అంటారు చూడండి, కోనసీమలో కొబ్బరికాయలకు కొదవా? అందుకని నాకు రిమోట్ దొరికింది.

సీరియల్ పేరు పడింది. వెంటనే తెర నలుపు తెలుపులోకి మారింది. కాలవ, కొబ్బరిచెట్లు, అటు తిరిగి పళ్ళు తోముకుంటున్న ఒకాయన వీపు, వెనకాల పళ్ళపొడి మీద ఒక పాట.

"అప్పుడే మొదలెట్టేశారు ప్రకటనలు!" అంటూ టక్కున క్రికెట్ పెట్టేశాను.

బాబాయిగారు సగం లేచారు. "ఆయ్... అబ్బాయిగారూ... అదీ..."

"కంగారు పడకండి. మీరొచ్చే ముక్క ఒక్కటీ పోనివ్వను!"

గోదావరి మర్యాద ఎంత ప్రమాదమో చూడండి. ఇంకోచోటైతే రిమోట్ లాక్కుని నెత్తిన ఒకటి వేసేవారు. ఆయన "ఆయ్" అని కూర్చుండిపోయారు.

మళ్ళీ సీరియల్ పెట్టేసరికి సూట్లు తొడుక్కున్న కంపెనీ పెద్దలు చప్పట్లు కొడుతున్నారు. "ఈ పళ్ళపొడి మనిషి మన కంపెనీని నిలబెట్టేశాడయ్యా!" ఎవడబ్బా ఆ మనిషి అనుకున్నాం. ఇక ఎపిసోడంతా, ఆఫీసులో టీ పట్టుకొచ్చిన ప్రతివాడి మొహంలోనూ బాబాయిగారిని వెతికాం. చివర్న పేర్లు పడ్డాయి. 'పళ్ళపొడి మనిషి: సత్తిబాబు.'

హాలంతా నా వైపు తిరిగింది. దూరడానికి చాప కింద చోటుందేమోనని చూశాను.

అత్తగారే కాస్త తేరుకుని, "మళ్ళీ ఎప్పుడేస్తారో ఏంటో! పోనీ ఆ ముక్క మాకు చేసి చూపించరా తమ్ముడూ," అన్నారు.

బాబాయిగారు పంచె ఎగ్గట్టి, హాలు మధ్యన నిలబడి, వేలితో పళ్ళు తోముతూ ఖంగుమని అందుకున్నారు: "ఈ పొడితో తోమితే చెరకుగడైనా చక్కెరకేళీయే!"

సరిగ్గా అప్పుడే మామగారు, రావులపాలెంలో అరటిగెలలు అమ్ముకుని, ఎపిసోడ్ అందుకుందామని ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చారు. టీవీ వైపు చూశారు. బాబాయిగారి వైపు చూశారు.

"అదేంటి సత్తిబాబూ, టీవీలో ఉంటావనుకుంటే ఇక్కడున్నావు?"

బాబాయిగారు నోట్లోంచి వేలు తీసి, ఎంతో వినయంగా చెప్పారు: "అబ్బాయిగారు బయటికి తీసుకొచ్చేసేరండి, బావగారూ."

ఆ క్షణమే గోదారితల్లి మీద ఒట్టేసుకున్నాను. బొందిలో ప్రాణం ఉండగా ఏ ప్రకటనా దాటించను. సబ్బు దగ్గర్నుంచి సిమెంటు దాకా చేతులు కట్టుకుని చూస్తాను. ఎందులో ఎవరి బాబాయి ఉన్నాడో ఎవరికి తెలుసు!