నాయనకు అవిశె, ఇంటికి కానుగ

శుక్రవారం పొద్దున ఆళ్లగడ్డ బడికి పోతూ శిరివెళ్ల దగ్గర బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. పక్కింటి మామ పోయాడని ఆయన కూతురు చెప్పింది. అక్కడే దిగి, అవతలి వైపు వచ్చిన బస్సెక్కి నంద్యాలకు తిరిగొచ్చాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. పక్కనున్నామె ఎవరు పోయారని అడిగితే మామ అన్నాను. వాళ్లు సాయిబులు, మేము చర్చికి పోయేవాళ్లం, మరి మామ ఎట్లయ్యాడో ఆమెకెందుకు?

నాలుగేండ్ల కిందట మా నాయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాది స్లాబు ఇల్లు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గదిలో పడుకోబెడితే మనిషి ఉడికిపోయేవాడు. బయట పడుకోబెడదామంటే ఇంటి ముందు గడ్డిపోచంత నీడ కూడా లేదు. నేను నర్సరీకి పోయి నోరు తిరగని పేరున్న మొక్క తెచ్చి, అందంగా ఉంటుందని గేటు పక్కన నాటాను. టీచర్ని కదా, ఒకరిని అడిగేదేముందిలే అనుకున్నాను.

మామ గోడమీది నుంచి చూసి పకపకా నవ్వాడు. వాళ్లిల్లు మాకు తూర్పున.

"మద్యానం మేల దీని నీడ మా ఇంట్లేకొస్తాది టీచరమ్మా. నాకు మంచిదేలే. మీ నాయన యాడ పండుకుంటాడు?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం అంతటితో వదల్లేదు. ఆ రోజంతా నాయన మంచాన్ని మా ముందరి జాగాలో అటూ ఇటూ జరిపించాడు. మూడింటికి మంచం ఎక్కడుండాలో తేల్చి, దానికి పడమట గుంత తవ్వి కానుగ మొక్క పెట్టాడు. కానుగ నీడంత చల్లన ఇంకోటి లేదన్నాడు. చెట్టు నర్సరీలో నిలబడి చూసేది కాదు, మంచంలో పండుకొని చూసేదని నాకు బుద్ధి చెప్పాడు.

ఎన్నాళ్లకు నీడొస్తుందని అడిగాను. అయిదారేండ్లు పడుతుందన్నాడు. మంచం మీది నుంచి నాయన వంకర నోటితో నవ్వి, "అంతవరకు నేనుండాల గదా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈ మాట మా నాయన ముందరే చెప్పాలా అని మామ మీద ఆ పూట చాలా కోపం పెట్టుకున్నాను.

మరుసటి రోజు మామ ఆళ్లగడ్డ వైపు పోయి, తువ్వాలు కొంగులో అవిశె చెట్టు గింజలు కట్టుకొచ్చాడు. ఆయన వయసులో ఉండగా ఆకుతోటల్లో పనిచేసినవాడు. తమలపాకు తీగెలు పాకేదానికి, వాటికి నీడ పట్టేదానికి ముందు అవిశె వేస్తారట. ఏడాదికే మనిషిని దాటిపోతుందట. కానుగ చుట్టూ నాలుగు చోట్ల గింజలు పెట్టి, చేతులు దులుపుకొని చెప్పాడు.

"కానుగ ఇంటికి. అవిశె మీ నాయనకు. కానుగ ల్యాసినాక అవిశెను కొట్టేయాల, ల్యాకుంటే కానుగ వెలుతురు కోసం వంకర పోతాది. అయ్యో పాపమనొద్దు."

అన్నట్టే మరుసటి ఎండాకాలానికి నాయన అవిశె కింద పడుకున్నాడు. ఆ తర్వాతి రెండు ఎండాకాలాలూ అక్కడే. మామ రోజూ సాయంత్రం అస్ర్ నమాజు చేసుకొని వచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకొని "ఏమన్నా, ఎట్లుండావ్?" అని కూర్చునేవాడు. నాయన ముద్దమాటలు నాకంటే ఆయనకే బాగా అర్థమయ్యేవి. అవిశె పూలు కోసి మా ఇంట్లోనే కూర చేయించుకొని, ఉప్పు తక్కువైందని నాకు వంక పెట్టేవాడు. ఆ ఎండాకాలాలను మా నాయనకు ఇచ్చింది ఆయనే. డాక్టర్ల తర్వాత అనను, డాక్టర్లతో సమానంగా అంటాను.

ఈ ఏడు కానుగ ఎత్తయింది, కానీ ఒకపక్కకు వాలుతోంది. ఆదివారం వచ్చి అవిశెలు కొడతానని పోయిన వారమే అన్నాడు మామ. శుక్రవారం సాయంత్రం ఆయన్ను మగవాళ్లు ఖబరస్తానుకు తీసుకుపోయారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అవిశెల్ని ఇంకో ఏడాది ఉండనిద్దామని నాయనతో అన్నాను. మామ చేతితో వేసినవాటిని నేనెట్ల కొట్టేది?

"ఆయప్ప ఈ పొద్దు కొడతాననె గదా" అన్నాడు నాయన. "కొట్టు."

కొట్టాను. నాలుగోది పడేసరికి ఎండ వచ్చి నాయన మోకాళ్ల దాకా పరుచుకుంది. అక్కణ్నుంచి పైకి, ఛాతీ మీద, ముఖం మీద, అంతా చిక్కటి కానుగ నీడ. నాయన చాలాసేపు ఆకుల్లోకి చూశాడు. కుడిచెయ్యి లేవదు కాబట్టి, ఎడమచెయ్యి నుదుటికి ఆనించి, పక్కింటి గోడవైపు సలాం పెట్టాడు.