నిండుకున్న బియ్యం

ఎడిటర్‌గారి కూతురి ఈమెయిల్ వచ్చినప్పుడు నేను పాలు తోడు పెడుతున్నాను. వాళ్ల నాన్నగారి కాగితాలన్నీ ఒక యూనివర్సిటీ లైబ్రరీ భద్రపరుస్తానందట. ఆయన దిద్దిన రాతప్రతులు మాత్రం ఇంట్లో ఒక్కటీ దొరకలేదట. దిద్దినవాటిని రాసినవాళ్లకే తిప్పి పంపేసేవారు, నకళ్లు ఉంచుకునేవారు కాదు. మీ దగ్గర ఏమైనా ఉన్నాయా అని అడిగింది.

ఉన్నాయి. పట్టుచీరల అడుగున రెండు పేజీలు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పది రోజులు జవాబివ్వలేదు.

ఆయన అమెరికన్ కవి, విమర్శకుడు. కెనడాలోని మా విండ్సర్‌కి నది అవతల, డెట్రాయిట్‌లో, ఇంట్లో కూర్చుని ముప్పై ఏళ్లకు పైగా ఒక చిన్న త్రైమాసిక పత్రిక నడిపారు. నేను ఇక్కడి కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. తెలుగులో ఎప్పటినుంచో కవిత్వం రాస్తున్నాను. అమ్మ వంటింటి మీద రాసిన ఒక కవితను ఇంగ్లీషులో పెట్టి, చూద్దామని ఆయనకు పంపాను. ముప్పై రెండు లైన్లు. వాళ్లకు నచ్చుతుందని తొలకరి వాన, మల్లెపూలు, గాజుల చప్పుడు, అన్నీ పెళ్లిసారె పరిచినట్టు పరిచాను.

మా ఇంట్లో బియ్యం అయిపోయాయని అనేవాళ్లు కాదు. లేదన్న మాట పలికితే లేమి ఇంట్లోనే ఉండిపోతుందని భయం. అందుకే డబ్బా అడుగు కనబడితే అమ్మ 'బియ్యం నిండుకున్నాయి' అనేది. ఇంగ్లీషులో నేను ఆ తిప్పలు పడలేదు. బియ్యం అయిపోయాయి అని రాసి ఊరుకున్నాను.

కాగితాలు తిరిగొచ్చాయి. పంతొమ్మిది లైన్లు పెన్సిల్‌తో కొట్టేసి ఉన్నాయి. వానా లేదు, మల్లెలూ లేవు. బియ్యం లైను పక్కన మార్జిన్‌లో ఒక ప్రశ్న: 'మీ అమ్మ ఇలాగే అనేదా?'

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వెంటనే ఫోన్ చేశాను.

"మా అమ్మకి ఇంగ్లీషు రాదండీ!"

"సరే, మీ భాషలో ఏమనేది?"

విసుక్కుంటూనే ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను, బియ్యం నిండాయి అని. ఇంగ్లీషులో దానికి అర్థమే లేదన్నాను.

"అదే రాయండి," అన్నారు.

"నవ్వుతారు. ఈవిడకి ఇంగ్లీషు రాదంటారు."

అది వట్టి మాట కాదు. నా ఉచ్చారణకి క్లాసులో వెనక బెంచీల నవ్వులు ఇరవై ఆరేళ్లు చూశాను.

"నవ్వితే నా పత్రికని చూసి నవ్వుతారు, మిమ్మల్ని కాదు," అన్నారాయన.

పదమూడు లైన్ల కవిత అచ్చయింది. అందరూ ఆ బియ్యం లైను గురించే రాశారు. దాన్ని ఏవో సంకలనాల్లో వేసుకున్నారు, ఎక్కడో పాఠంగా కూడా పెట్టారు. థాంక్స్ చెప్పడానికి ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. వంటింటి బల్ల మీద కూరగాయల చాకుతో పెన్సిళ్లు చెక్కుకుంటున్నారు. ఆయనవి రెండే పుస్తకాలు, రెండూ సన్ననివి. ఈమధ్య ఏమీ రాయట్లేదా అని అడిగాను. పక్కనే గుట్టగా పడున్న ఇతరుల కవర్లు చూపించి, "రాస్తూనే ఉన్నాను కదా," అన్నారు. ముసలాయన సరదాకి అన్నారనుకున్నాను.

ఆ తర్వాత ఉగాదికి ఓక్‌విల్‌లో మనవాళ్లు నాకు సన్మానం చేశారు. శాలువా కప్పి, మైకిచ్చి, ఎడిటర్ ఏమైనా మార్చాడా మేడమ్ అని అడిగారు. ఉన్నమాట చెప్పడానికి ఎంతసేపు? అయినా నా నోట వచ్చింది ఇదీ: "పంపింది పంపినట్టే వేశారండీ. ఆ 'నిండుకున్నాయి' ఒక్కటే మార్చమన్నారు. నేను ససేమిరా అన్నాను. మన నుడికారం వాళ్లకేం తెలుస్తుంది చెప్పండి!"

హాలు దద్దరిల్లింది. నాకు ఒళ్లు పులకరించింది కూడా. దాచడం దేనికి?

ఆనాటి ఫోను సంభాషణ మావారు పక్కనుండి విన్న మనిషి. ఇంటికి కారు నడుపుతూ, దారిలో ఇక్కడి లండన్ ఊరు దాటారు. అప్పుడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఆ పెన్సిల్ గీతలు చెరిపేశావా, ఉంచావా?" అన్నారు.

ఆ సన్మానం విశేషాలతో మనవాళ్ల ఉగాది సంచిక అచ్చయి వచ్చింది. అట్ట మీద శాలువాతో నా ఫోటో. మురిసిపోయి ఒక కాపీ ఎడిటర్‌గారికి పంపాను. ఆయనకి తెలుగు రాదు కదా అన్న ధీమా. తెలుగు చదవలేని మన పిల్లల కోసం వెనక ఇంగ్లీషు పేజీలు వేస్తారన్న సంగతి తట్టనేలేదు.

వారంలో పోస్టుకార్డు వచ్చింది. 'ఫోటో బాగుంది. ఆ రంగు మీకు నప్పింది. పదకొండో పేజీ రెండో పేరాలో ఒక కామా ఎక్కువైంది.'

పదకొండో పేజీ తీశాను. నా ఉపన్యాసం, ఇంగ్లీషులో. రెండో పేరాలో ఆ అబద్ధమే ఉంది. తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు. పేరు చూసి ఎత్తలేదు. మొహం చెల్లలేదు. ఆర్నెల్ల తర్వాత పోయారని తెలిసింది.

కూతురి ఈమెయిల్ వచ్చిన పదకొండో రోజున ఆ రెండు పేజీలూ కవర్లో పెట్టుకుని నది దాటాను. కూతురు అదే వంటింట్లో కూర్చోబెట్టింది. కాఫీ డబ్బా తీసి, లోపలికి చూసి, నవ్వింది.

"కాఫీ హ్యాజ్ బికమ్ ఫుల్," అంది.

నేను తెల్లబోయాను.

"మా ఇంట్లో ఏదీ అయిపోయిందని అనం. విండ్సర్‌లో ఒకావిడ నేర్పారని నాన్న అందరికీ చెప్పేవారు. ఆవిడ మీరే కదా?"

కవరు ఆమె చేతిలో పెట్టాను. మార్జిన్‌లో ప్రశ్న చదువుతుంటే జరిగిందంతా చెప్పాను, ఓక్‌విల్‌తో సహా. ఆమె తల ఎత్తకుండా, "తెలుసు. ఆ పేజీ నాకు చూపించారు. ఆ కామా ఆయన్ని నిజంగానే బాధపెట్టింది," అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాను.

ఆమెకి చెప్పుకుంటే సరిపోదు. నేను అబద్ధమాడింది తెలుగులో, మనవాళ్ల ముందు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో కొందరైనా ఇది చదువుతారు. అయ్యా, అమ్మా, మా అమ్మ మాటకి సిగ్గుపడి 'అయిపోయాయి' అని రాసింది నేను. 'నిండుకున్నాయి' అని రాయించింది ఆయన.