పెళ్ళిచూపులకు నేను వేసిన రూటు

విమానానికి ఏదైనా అయితే పేపర్లో వేస్తారు. నేను కూలిన సంగతి ఎవరూ వేయలేదు కాబట్టి నేనే చెప్పుకోవాలి. కూలింది ఎక్కడో కాదు, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, పట్టపగలు, కొత్త షర్టుతో.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఒక విమాన కంపెనీలో పైలట్లకు దారి, వాతావరణం, మూసేసిన రన్‌వేల సమాచారం సిద్ధం చేసి ఇవ్వడం నా ఉద్యోగం. "నిన్నటి ఖబర్‌తోని ఇయ్యాల విమానం లేవద్దు" అని దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీ మొత్తానికి పాఠం చెప్పేవాణ్ణి. పాలవాడు నన్ను చూస్తే సైకిల్ తిప్పుకుని పోయేవాడు.

అలాంటి నాకు పెద్ద అంబర్‌పేటలో పెళ్ళిచూపులు ఏర్పాటయ్యాయి. అమ్మాయి ఫొటో చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఎలాగైనా ఈ సంబంధం కుదరాలి! రాత్రే రూటు ఖాయం చేసేశాను.

పొద్దున అమ్మ అంది: "కొడకా, దినాం ఏదో ఒక బందే ఉంటుంది. ఆళ్ళకు ఒక్క ఫోన్ జెయ్యరాదు?"

"విమానాలకే దారి జెప్తున్న. నాకు రోడ్డొక లెక్కనా అమ్మా?"

అమ్మా నేనూ ఆటో ఎక్కగానే, విమానంలో లాగా, ఇద్దరి ఫోన్లూ ఆపేయించాను. నవ్వకండి, అప్పుడది నాకు చాలా హుందాగా తోచింది.

ఎల్‌బీ నగర్‌లో రోడ్డు మధ్యన పొయ్యిలు, గుండిగలు, నినాదాలు. వంటావార్పు! రోడ్డు బంద్ చేసి, అక్కడే వండి, వచ్చిన వాళ్ళందరికీ వడ్డిస్తున్నారు. గరిటె పట్టుకున్న ఒక పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి విస్తరాకులు వేశాడు.

"ఏడికి పోతున్నరు బిడ్డా?"

"పెండ్లిచూపులకు. మంచి రోజు చూసి ఈడ పొయ్యి పెట్టిన మనిషెవరో గని, జర తెలివుంటే బాగుండు!"

"నేనే పెట్టిన," అన్నాడాయన పప్పు వడ్డిస్తూ. "మా ఇంట్ల గూడ ఇయ్యాల పెండ్లిచూపులే ఉండె. రేపు రమ్మని పొద్దుగాలనే పిలగానికి మెసేజ్ పెట్టిన. విమానాల ఆఫీసుల జేస్తడట. ఎప్పటి ఖబర్ అప్పుడు తెల్సుకునుడే ఆయన నౌకరట!"

ముద్ద గొంతుకు అడ్డం పడింది. అమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది. అది ముద్ద దిగడానికి కాదని నాకు తెలుసు. ఫోన్ ఆన్ చేశాను. మెసేజ్ ఉంది.

"పిలగాణ్ణి నేనే మామా..." అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన వెనక అప్పడాల బుట్టతో ఒక అమ్మాయి. ఫొటోలోని అమ్మాయే! నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "ఇగ రేపెందుకు నాయినా? ఈడనే చూసినం గద," అంది. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో ఆమే మళ్ళీ అంది: "నాకు ఇష్టమే. గని పెండ్లి బరాత్‌కు రూటు మాత్రం మనమే చెప్పాలె."

ఆ చౌరస్తాలోనే, పప్పు చేతితో, గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను: ప్రాణం పోయినా సరే, ఈ జన్మలో మళ్ళీ పెళ్ళిచూపులకు వెళ్ళను. ఈ ఒట్టుకు మా ఆవిడ సంపూర్ణ మద్దతు ఉంది.